అతుకు ఊడిన స్పీకర్ పెట్టెను బాగుచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మా వీధి భజన మందిరానికి ఉన్న రెండు స్పీకర్ పెట్టెల బాగోగులను చాలా ఏళ్లుగా నేనే చూస్తున్నాను. ఆ సంగతి తెలిసిన ఇరుగుపొరుగువారు తమ ఇళ్లలోని పెట్టెలను కూడా తెచ్చి చూపిస్తూ ఉంటారు. వారిలో చాలామంది అప్పటికే లోపలి స్పీకరును ఒకసారి మార్పించి, అయినా గరగర పోలేదని విసిగిపోయి ఉంటారు. పెట్టె మూలను బొటనవేలితో గట్టిగా నొక్కితే చెక్క లోపలికి కదులుతుంది. అంటే తప్పు స్పీకరుది కాదు, అతుకుది. వారు మళ్లీమళ్లీ అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. 'పెట్టె' అన్నచోట చెక్క డబ్బా అనీ, 'స్పీకరు' అన్నచోట అందులో బిగించిన గుండ్రటి భాగం అనీ గ్రహించగలరు.

గరగర వస్తున్నది పెట్టె నుంచా, స్పీకరు నుంచా? ఎలా తేల్చుకోవాలి?

మొదట ఆంప్లిఫయరు ఆపి, ఎడమ పెట్టె తీగను కుడి పెట్టెకూ, కుడి పెట్టె తీగను ఎడమ పెట్టెకూ కలిపి వినండి. గరగర రెండో పెట్టెకు మారితే దోషం ఆంప్లిఫయరులోనో తీగలోనో ఉంది. అదే పెట్టెలో ఉండిపోతే ఆ పెట్టెను పరీక్షించడం మొదలుపెట్టవచ్చు.

ఫోనులో ఒకే స్థాయి శబ్దాన్ని పలికించే టోన్ జనరేటర్ యాప్ ఒకటి వేసుకుని, తక్కువ వాల్యూములో 100 హెర్ట్జ్ వద్ద మొదలుపెట్టి, నెమ్మదిగా 40 హెర్ట్జ్ వరకు దించండి. ఏదో ఒక చోట గరగర స్పష్టంగా పలుకుతుంది. అక్కడ ఆపి, రెండు అరచేతులతో పెట్టె పలకలను, మూలలను, వెనుక పలకను ఒక్కొక్కటిగా గట్టిగా అదిమి చూడండి. ఒకచోట అదిమినప్పుడు శబ్దం ఆగినా, మారినా ఆ అతుకును అనుమానించాలి. ఎక్కడ అదిమినా మార్పు లేకపోతే స్పీకరు కోన్ (ముందుకూ వెనక్కూ కదిలి శబ్దం పుట్టించే గరాటు ఆకారపు భాగం) అంచు చిరిగిందేమో, లోపలి తీగ ఏదైనా కోన్‌కు తగులుతున్నదేమో, ముందు జాలీ వదులైందేమో చూడాలి. నా అనుభవంలో జాలీ దోషాలు తక్కువేమీ కావు. అందుకే పరీక్షకు ముందే జాలీని తీసి పక్కన పెట్టండి.

గాలి కారుతున్న చోటు కనిపెట్టడానికి ఊదుబత్తి చాలా మంచి సాధనం. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, 50 హెర్ట్జ్ వద్ద టోన్ పలికిస్తూ, వెలిగించిన ఊదుబత్తిని అతుకుల వెంట ఒక సెంటీమీటరు దూరంలో మెల్లగా నడపండి. అతుకు బిగువుగా ఉన్నచోట పొగ నిటారుగా లేస్తుంది, చీలిక ఉన్నచోట చెదిరిపోతుంది. పెట్టెకు తయారీలోనే పెట్టిన గాలి రంధ్రం ఉంటే దాని దగ్గర పొగ చెదరడం సహజం కనుక దానిని లెక్కలోకి తీసుకోకూడదు. జాలీ గుడ్డకూ, వెనుక ఉన్న దూదికీ నిప్పు తగలకుండా జాగ్రత్తపడండి.

స్పీకరును విప్పిన తరువాత చేయగలిగిన పరీక్ష మరొకటి ఉంది. రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి, పెట్టె లోపల టార్చి వెలిగించి, బయటి నుంచి అతుకులను చూడండి. వెంట్రుక వాసి చీలికలో నుంచి కూడా వెలుగు కనిపిస్తుంది.

చిన్న చీలికే కదా, దానివల్ల శబ్దం అంతగా ఎందుకు చెడుతుంది?

స్పీకరు కోన్ 50 హెర్ట్జ్ స్వరాన్ని పలికేటప్పుడు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ కదులుతుంది. అది వెనక్కు వచ్చిన ప్రతిసారీ పెట్టెలోని గాలి నొక్కుకుంటుంది, ముందుకు వెళ్లిన ప్రతిసారీ పలచబడుతుంది. పూర్తిగా మూసిన పెట్టెలో ఈ గాలి స్ప్రింగు లాగా పనిచేసి కోన్‌ను అదుపులో ఉంచుతుంది. గాలి రంధ్రం ఉన్న పెట్టెలో అదే గాలి, రంధ్రపు గొట్టంలోని గాలితో కలిసి, ఒక నిర్ణీత స్వరం వద్ద మోగేలా కొలిచి కట్టి ఉంటుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదినప్పుడు హూమ్మని పలికే సూత్రమే ఇది. చీలిక ఏర్పడితే ఆ ఒత్తిడి కొంత అక్కడి నుంచి కారిపోతుంది. మృదంగం, డోలు వంటి వాద్యాల కింది స్వరాలు పలచబడతాయి. దీనికి తోడు సన్నని చీలికలో నుంచి గాలి సెకనుకు పదుల సార్లు దూసుకుపోతుంటే 'ఫ్స్' అనే ఊదు శబ్దం, అంటుకోని రెండు చెక్క అంచులు కొట్టుకుంటుంటే గరగర శబ్దం వినిపిస్తాయి. పెట్టె అన్నది స్పీకరును నిలబెట్టే స్టాండు మాత్రమే కాదు, శబ్దం పలకడంలో సగం పని దానిదే.

కొత్తగా ఉన్నప్పుడు గట్టిగా ఉన్న అతుకు ఎందుకు ఊడుతుంది?

కారణాలు చాలా ఉన్నా మన ప్రాంతంలో ముఖ్యమైనవి ఎండ, తేమ, దెబ్బ. తిరుపతిలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. మూసి ఉన్న కారులో, రేకుల షెడ్డులో అది ఇంకా చాలా ఎక్కువగా ఉంటుంది. తక్కువ ధర హోమ్ థియేటర్ పెట్టెల లోపలి మూలలకు గ్లూ గన్నుతో కరిగించి పోసే బంకను వాడతారు. అది వేడికి మెత్తబడి పట్టు వదులుతుంది. తెల్ల ఫెవికాల్ జాతి బంక కూడా వేడికి కొంత మెత్తబడే గుణం కలదే. ఆ స్థితిలో అతుకు మీద బరువు పడుతూ ఉంటే మెల్లగా జారుతుంది.

ఇక అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ నెలల్లో చెక్క తేమను పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో ఎండి ముడుచుకుంటుంది. ప్లైవుడ్ కంటే, చెక్క నారను బంకతో అదిమి చేసే ఎం.డి.ఎఫ్. పలకల కంటే ఘనమైన చెక్కలో ఈ కదలిక ఎక్కువ. అది కూడా నారకు అడ్డంగానే ఎక్కువగా ఉంటుంది. అందువల్ల నార దిశలు కలవని రెండు చెక్క ముక్కలను ఒకదానికొకటి అతికిస్తే కొన్నేళ్లకు అతుకు విడిపోవడం వింత కాదు.

దెబ్బ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఆటోలో నుంచి దించేటప్పుడు ఒక మూల మీద పడిన పెట్టెకు బయట గీత కూడా కనిపించకపోవచ్చు, కానీ లోపల ఎదురు మూలలో అతుకు తెగి ఉండవచ్చు. పడిన మూలనే చూసి ఊరుకోకుండా అన్ని మూలలనూ చూడమని చెప్పడం అందుకే.

మరొక కారణం తయారీ లోపం. బంక సరిగా పూయకుండా, గాలితో కొట్టిన పిన్నుల మీదే ఆధారపడిన పెట్టెలు చాలానే ఉన్నాయి. విప్పినప్పుడు అతుకు లోపల చెక్క రంగు అలాగే ఉండి, బంక జాడ లేకపోతే ఆ అతుకు మొదటి నుంచీ అతుకు కాదని అర్థం.

పెట్టె ఏ పలకతో చేశారో ఎలా తెలుస్తుంది? అది తెలియడం అవసరమా?

చాలా అవసరం. స్పీకరును విప్పితే ఆ రంధ్రపు అంచు కనిపిస్తుంది. పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్, అట్టలాగా నున్నగా గోధుమ రంగులో ఉంటే ఎం.డి.ఎఫ్., చెక్క రవ్వలు కనిపిస్తుంటే పార్టికల్ బోర్డు. ప్లైవుడ్ అతుకును విడదీసి మళ్లీ అతికించడం తేలిక. ఎం.డి.ఎఫ్. అంచు బంకను స్పాంజిలాగా పీల్చుకుంటుంది, విడదీసేటప్పుడు పొరగా లేచిపోతుంది కూడా. పార్టికల్ బోర్డు అంచులు పొడిపొడిగా రాలుతాయి కనుక దానిని అవసరమైనంతకు మించి కదిలించకూడదు.

స్పీకర్లను, లోపలి సర్క్యూటును తప్పనిసరిగా తీయాలా?

తీయాలి. రంపపు పొట్టు, బంక చుక్క, ఇనుప రజను స్పీకరులోకి పోతే అతుకు కుదిరినా స్పీకరు పాడవుతుంది. విప్పే ముందు ప్రతి తీగ ఎక్కడ ఉందో ఫోటో తీసుకోండి. ప్లస్ వైపు తీగకు ఎర్ర దారం కట్టుకోండి. స్క్రూలన్నీ తీసినా స్పీకరు రాకపోతే దాని కింద ఉన్న రబ్బరు లేదా ఫోమ్ పట్టీ అంటుకుపోయి ఉంటుంది. పలుచని బ్లేడును చట్రం కింద చుట్టూ మెల్లగా తిప్పి వదులు చేయాలి. స్క్రూ డ్రైవరును కోన్ వైపు నుంచి దూర్చి ఎత్తకండి. అయస్కాంతం ఆ ఇనుప మొనను ఒక్కసారిగా లాక్కుంటుంది, చేయి జారితే కోన్ చిరుగుతుంది. నేను ఒక మంచి 8 అంగుళాల స్పీకరును అలాగే పోగొట్టుకున్నాను.

లోపల దూదిలాంటిది ఉంటే పాలియెస్టరు, పసుపు రంగులో గుచ్చుకునేది ఉంటే గ్లాస్ ఊల్. రెండోది అయితే చేతి తొడుగులు, ముఖానికి మాస్కు లేకుండా ముట్టుకోకూడదు. ఏది ఎక్కడ ఎంత ఉందో గుర్తుపెట్టుకుని మళ్లీ అంతే పెట్టాలి.

పాత బంక మీదనే కొత్త ఫెవికాల్ పోసి అదిమితే సరిపోదా?

ఎక్కువమంది అడిగేది ఇదే, పెట్టెలు రెండోసారి ఊడడానికి కారణమూ ఇదే. తెల్ల బంక పట్టు చెక్క నారలోకి ఇంకడం వల్ల వస్తుంది. నీరు చెక్కలోకి పోయి, బంక ఆ రంధ్రాలలో గట్టిపడి, రెండు ముక్కలనూ కలుపుతుంది. అప్పటికే ఎండిన బంక పొర ఆ రంధ్రాలను మూసేసి ఉంటుంది కాబట్టి కొత్త బంక ఇంకడానికి చోటు లేదు. పైపైన ఎండి, పట్టుకున్నట్లే కనిపించి, మొదటి నెలలోనే మళ్లీ విడిపోతుంది.

కాబట్టి ఈ పనిలో అసలు శ్రమ అతికించడంలో లేదు, శుభ్రం చేయడంలో ఉంది. పాత బంక ఏదో ముందు గుర్తించాలి. గోటితో గీకితే రబ్బరులాగా సాగేది తెల్ల బంక. మైనంలాగా జారుగా ఉండి పోగులుగా లేచేది గ్లూ గన్ను బంక. గాజు పెంకులాగా ఎర్రగా, పెళుసుగా విరిగేది పాతకాలంలో జంతువుల తోళ్లు, ఎముకలు ఉడికించి చేసిన వడ్రంగి బంక. ఇది చాలా పాత రేడియో పెట్టెలలో, టేకు పెట్టెలలో కనిపిస్తుంది.

గ్లూ గన్ను బంకను జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో వేడిచేస్తే మెత్తబడి పట్టీలాగా ఊడివస్తుంది. తోలు బంకకు గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డ చాలు. తెల్ల బంకను వేడితో కొంత మెత్తబరచి, పదునైన ఉలిని నిటారుగా పట్టి గీకి, మిగిలినదాన్ని 80 నంబరు ఉప్పుకాగితంతో రుద్ది తీయాలి. వెనిగరుతో కూడా తెల్ల బంక మెత్తబడుతుంది కానీ ఎం.డి.ఎఫ్., పార్టికల్ బోర్డు మీద దానిని వాడవద్దు, ఆ తడికి పలక ఉబ్బుతుంది. ఉప్పుకాగితాన్ని చేత్తో పట్టి రుద్దితే అంచులు గుండ్రబడతాయి. చదునైన కొయ్య ముక్కకు చుట్టి రుద్దాలి. కొత్త చెక్క రంగు కనిపించేంతవరకు ఈ పని సాగాలి. అతుకు ఒక్కంటికి అర గంట పట్టినా పట్టవచ్చు, ఆ అర గంటను తగ్గించుకోవద్దని కోరుతున్నాను.

ఏ బంక వాడాలి?

అంచులు శుభ్రంగా, ఒకదానితో ఒకటి సందు లేకుండా కలుస్తుంటే మామూలు ఫెవికాల్ ఎస్.హెచ్. చాలు. సరిగా అతికితే చెక్క చిరుగుతుంది గాని అతుకు ఊడదు. తడి తగిలే చోట, బయట వాడే పెట్టెలకు ఫెవికాల్ మెరైన్ మేలు. పాత బంకను పూర్తిగా తీయలేని చోట, అంచులు పొడిగా రాలి సందు ఏర్పడిన చోట తెల్ల బంక పనికిరాదు, ఎందుకంటే అది ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది. అక్కడ అరాల్డైట్ వంటి రెండు ట్యూబుల ఎపాక్సీని సమానంగా కలిపి, అవసరమైతే జల్లెడ పట్టిన రంపపు పొట్టు కొద్దిగా చేర్చి వాడాలి. అయిదు నిమిషాలలో గట్టిపడే రకం కన్నా నెమ్మదిగా గట్టిపడే రకమే బలమైనది, సర్దుకోవడానికి సమయమూ ఇస్తుంది.

ఫెవిక్విక్‌తో పెట్టె అతుకులు వేయకండి. ఆ పట్టు పెళుసుగా ఉంటుంది, అదురుకు నిలవదు. మైకా అతికించే పసుపు రబ్బరు బంక కూడా అతుకులకు తగదు, అది ఎప్పటికీ కొంత సాగుతూనే ఉంటుంది.

అతుకు సగమే విడిపోయింది. పూర్తిగా ఊడదీయాలా?

పక్క అతుకులు గట్టిగా ఉంటే ఊడదీయనక్కరలేదు. విడిపోయిన చోట సన్నని కొయ్య చీలికను మెల్లగా దూర్చి సందును కొద్దిగా తెరిచి ఉంచండి. హాక్‌సా బ్లేడు ముక్కకు ఉప్పుకాగితం అంటించి లోపలికి బయటికి ఆడిస్తే పాత బంక చాలావరకు రాలుతుంది. తరువాత మందుల దుకాణంలో దొరికే 10 మి.లీ. సిరంజికి లావు సూది తగిలించి, కొద్ది చుక్కల నీటితో పలచబరచిన బంకను ఎక్కించాలి. బంక సందు లోతుకు పోవాలంటే నేను చేసే ఉపాయం ఒకటి చెబుతాను. పెట్టె లోపలి వైపు నుంచి అదే అతుకు దగ్గర వాక్యూమ్ క్లీనరు గొట్టం మూతికి పలుచని గుడ్డ కట్టి పెడితే, అది బయట పోసిన బంకను లోపలికి లాక్కుంటుంది. లోపలి మూలలో బంక చుక్కలు తేలగానే ఆపేయాలి. వాక్యూమ్ లేనివారు సందును పదిసార్లు తెరిచి మూస్తూ, అంటే చీలికను కొద్దిగా తోస్తూ వదులుతూ, బంకను లోపలికి పాకించవచ్చు.

పలక దాదాపు అంతా వదులైనప్పుడు మాత్రం సగం పని చేయకండి. లోపలి నుంచి కొయ్య ముక్క అడ్డుపెట్టి రబ్బరు సుత్తితో, మూల నుంచి మూలకు మారుతూ, చిన్న దెబ్బలతో పలకను పూర్తిగా విడదీయండి. పిన్నులు ఉంటే పటకారుతో ముందే లాగేయాలి.

నా దగ్గర క్లాంపులు లేవు. ఎలా బిగించాలి?

క్లాంపులు వడ్రంగుల దగ్గర ఒకటి రెండు రోజులకు అడిగి తెచ్చుకోవచ్చు. అది వీలుకాకపోతే సైకిల్ ట్యూబు ఉంది. పాత ట్యూబును నిలువునా రెండు అంగుళాల పట్టీలుగా కోసి, పెట్టె చుట్టూ బాగా సాగదీస్తూ ఆరేడు చుట్లు చుడితే అన్ని వైపుల నుంచీ సమానమైన ఒత్తిడి వస్తుంది. నైలాన్ తాడును పెట్టె చుట్టూ రెండు వరుసలు కట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టి, కర్రను కదలకుండా కట్టివేయడం మరొక పద్ధతి. తాడు పడే మూలల దగ్గర అట్ట ముక్కలు పెట్టకపోతే అంచులు నొక్కుకుపోతాయి. అడుగు పలకకూ పై పలకకూ 25 కిలోల బియ్యం బస్తా కంటే మంచి బరువు లేదు.

బంక లేకుండా ఒకసారి అంతా బిగించి చూసుకోవడం తప్పనిసరి. బంక పూసిన తరువాత ట్యూబు చాలలేదనో, తాడు పొట్టిదనో తెలిస్తే వేసవిలో అయిదారు నిమిషాలలోనే బంక పైపొర ఎండిపోతుంది. మే నెలలో ఈ పనిని ఉదయం ఏడు గంటలలోపు చేసుకోవడం మంచిది.

బిగించగానే పెట్టె మూల నుంచి మూలకు రెండు కర్ణాలనూ టేపుతో కొలవండి. రెండూ సమానంగా ఉంటే పెట్టె మూలమట్టానికి సరిగా ఉన్నట్లు. రెండు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉంటే పొడుగైన కర్ణం వైపు నొక్కి సరిచేయాలి. ఒంకర పెట్టె ఎండిన తరువాత సరికాదు. అతుకు పొడుగునా సన్నని బంక గీత బయటికి వస్తే ఒత్తిడి సరిపోయిందని గుర్తు. ఎపాక్సీకి మాత్రం ఇంత బలంగా బిగించకూడదు, బంకంతా బయటికి పోయి అతుకు ఎండుబారుతుంది. క్లాంపులకూ పెట్టెకూ మధ్య పాలిథిన్ ముక్కలు వేయడం మరవకండి.

ఎం.డి.ఎఫ్. అంచులకు ఒక పూత పూసి, అది ఇంకడానికి అయిదు పది నిమిషాలు ఆగి, రెండో పూత పూసిన తరువాతనే అతికించాలి.

ఎంతసేపు ఆరాలి?

ఒక రాత్రంతా బిగింపులోనే ఉంచి, 24 గంటలు గడిచేదాకా స్పీకర్లు బిగించకండి. వాన ముసురులో అయితే రెండు రోజులు.

నీటిలో తడిసి పలక ఉబ్బిపోయింది. ఎండబెడితే తగ్గుతుందా?

ప్లైవుడ్ కొంతవరకు తగ్గుతుంది, ఎం.డి.ఎఫ్. తగ్గదు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లోకి నీరు వచ్చినప్పుడు మా బంధువుల ఇంట్లో నేల మీద ఉన్న పెట్టె రాత్రంతా నానింది. 18 మిల్లీమీటర్ల అడుగు పలక అంచుల దగ్గర 23 మిల్లీమీటర్లకు ఉబ్బి, పక్క అతుకులను తోసేసింది. నెల రోజులు నీడలో ఆరబెట్టినా అది ఆ లావులోనే ఉండిపోయింది, చేత్తో నలిపితే రాలింది. ఆ పలకలోని నార ఒకసారి వదులైతే మళ్లీ దగ్గరపడదు. చివరకు అడుగు పలకను పూర్తిగా కోసి తీసేసి, అదే మందం ప్లైవుడ్‌తో కొత్తది వేశాము. మిగిలిన అయిదు పలకలు నేటికీ పాతవే.

ఉబ్బు ఒక మూలలో వేలెడంత మేరకే ఉంటే, బాగా ఎండిన తరువాత పలచని ఎపాక్సీని అందులోకి ఇంకించి, పాలిథిన్ వేసి రెండు కొయ్య ముక్కల మధ్య బిగిస్తే అది రాయిలాగా గట్టిపడుతుంది. తరువాత చిత్రికతో కాక ఉప్పుకాగితంతోనే సమం చేయాలి.

కొత్త పలక మందం పాతదానితో సమానంగా ఉండాలన్నది గుర్తుంచుకోండి. మందం మారితే లోపలి గాలి పరిమాణం మారుతుంది.

బలం కోసం స్క్రూలు కొట్టవచ్చా?

ప్లైవుడ్‌కు కొట్టవచ్చు. ఎం.డి.ఎఫ్. అంచులోకి ముందుగా సన్నని రంధ్రం వేయకుండా స్క్రూ బిగిస్తే పలక రెండుగా చీలుతుంది. నా ఉద్దేశంలో ఇంటి పెట్టెకు స్క్రూల కంటే లోపలి మూలలకు బంకతో అతికించే కొయ్య దిమ్మెలు మేలు. బయట కనిపించవు, అతికే విస్తీర్ణాన్ని పెంచుతాయి, పలక అదరడాన్ని కూడా తగ్గిస్తాయి. వాటివల్ల లోపలి చోటు తగ్గిపోతుందేమోనన్న భయం అనవసరం. 2 సెంటీమీటర్ల చదరపు కొయ్యను 30 సెంటీమీటర్ల పొడుగున నాలుగు మూలలకు వేసినా పట్టే చోటు అర లీటరు లోపే. 40 లీటర్ల పెట్టెలో అది నూటికి సుమారు ఒక వంతు మాత్రమే.

బయటి నుంచి సిలికాన్ పూస్తే గాలి ఆగిపోదా?

గాలి ఆగవచ్చు, అతుకు మాత్రం నిలవదు. నేను మొదటిసారి బాగుచేసిన పెట్టెకు ఇదే చేశాను. రెండు నెలలకు పలక మళ్లీ కదిలింది. ఈసారి సరిగా చేద్దామంటే సిలికాన్ జిడ్డు చెక్కకు పట్టి, ఏ బంకా అంటక, అంచును ఒక మిల్లీమీటరు మేర గీకి తీయవలసి వచ్చింది. అతుకును బంకతో సరిచేసిన తరువాత, లోపలి మూలల వెంట గాలి ఆపడానికి ఫెవికాల్‌నే దట్టంగా వేలితో పూయండి, లేదా యాక్రిలిక్ సీలెంటు వాడండి. సిలికానే వాడదలిస్తే ఘాటైన వెనిగరు వాసన వచ్చే రకం వద్దు. ఆ ఆవిరి మూసిన పెట్టెలో నిలిచి రాగి తీగలకు, లోహ భాగాలకు తుప్పు పట్టిస్తుంది. ఏది పూసినా వాసన పూర్తిగా పోయేదాకా పెట్టెను తెరిచి ఉంచాలి.

పై వెనీర్ (పలుచని చెక్క) పొర లేచింది, లేదా వినైల్ (ప్లాస్టిక్) తొడుగు చినిగింది. ఏం చేయాలి?

తెల్ల బంకతో అతికిన వెనీర్ అయితే దాని మీద నూలు గుడ్డ వేసి, ఇస్త్రీ పెట్టెను మధ్యస్థ వేడిలో నిదానంగా నడిపి, వెంటనే చదునైన పలకతో చల్లబడేదాకా అదిమి ఉంచితే చాలాసార్లు పాత బంకే మళ్లీ పట్టుకుంటుంది. వినైల్ మీద ఇస్త్రీ పెట్టె ఎన్నడూ పెట్టకండి.

ఒకే ఎం.డి.ఎఫ్. పలకకు గాడులు కోసి, వినైల్ తొడుగునే మడత బందులాగా ఉంచి పెట్టెగా మడిచిన రకాలు ఉన్నాయి. వాటిలో మూలలు తెరుచుకున్నప్పుడు ఆ వినైల్‌ను కోయకూడదు. మూలను విప్పి, లోపల శుభ్రం చేసి, బంక పూసి, మళ్లీ మడిచి బయట బలమైన టేపుతో లాగి అతికిస్తే వినైలే సగం క్లాంపు పని చేస్తుంది.

జాతరలకు, మహాభారత ఉత్సవాలకు తిరిగే పెద్ద బాక్సులకు కూడా ఈ పద్ధతే సరిపోతుందా?

సూత్రం అదే, బలం వేరు. చిత్తూరు ప్రాంతంలో ధర్మరాజుల ఆలయాల దగ్గర భారతం జరిగే రోజుల్లో మధ్యాహ్నం హరికథకూ రాత్రి నాటకానికీ ఒకే బాక్సులు మోగుతాయి. పగలు ఎండలో, తెల్లవారుజామున మంచులో బయటే ఉంటాయి, ఒక ఊరు ముగియగానే ట్రాక్టరు ఎక్కి మరో ఊరికి పోతాయి. 15 అంగుళాల స్పీకరున్న ప్లైవుడ్ బాక్సు బరువంతా మోసే పిడుల దగ్గర పడుతుంది, అందువల్ల పిడి ఉన్న పక్క పలక అతుకే మొదట విడిపోతుంది. ఇలాంటివాటికి మెరైన్ బంకతో పాటు, ముందుగా రంధ్రం వేసి 15 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున స్క్రూలు, లోపల దిమ్మెలు, బయట ఇనుప మూలలు అన్నీ అవసరమే. పైన చుట్టిన కార్పెట్ గుడ్డను ముందు ఒక అంచు నుంచి వెనక్కు మడవాలి. దాని మీద నుంచే స్క్రూ కొడితే కింద అతుకు మూసుకుందో లేదో తెలియదు.

అతుకు ఊడి బాగుచేసిన బాక్సును జనం తలల మీదుగా వేలాడదీయవద్దు, ఎత్తైన స్తంభం మీద నిలపవద్దు. నేల మీదనో బలమైన బల్ల మీదనో ఉంచండి. గంగమ్మ జాతర వంటి రద్దీలో ఈ విషయంలో రాజీ పనికిరాదు.

ప్లాస్టిక్ బాక్సు పగిలితే?

తెల్ల బంక దానికి అంటదు. ఏ.బి.ఎస్. ప్లాస్టిక్ అయితే గరుకు చేసి, లోపలి నుంచి ఎపాక్సీతో ఫైబర్ గుడ్డ పట్టీ వేయవచ్చు. మైనంలాగా జారుగా ఉండే పాలీప్రొపిలీన్‌కు ఎపాక్సీ కూడా నిలబడదు, దానికి ప్లాస్టిక్ వెల్డింగు చేసేవారిని చూడాలి.

వడ్రంగికి ఇస్తే ఏమి చెప్పాలి?

చెక్క పని తెలిసిన ఆచారికి అతుకు వేయడం మనం నేర్పనక్కరలేదు. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో కొయ్య చెక్కే కుటుంబాల చేతి పనిని చూసినవారికి ఈ ప్రాంతపు నేర్పరితనం తెలిసే ఉంటుంది. అయితే శబ్దానికి సంబంధించిన మూడు సంగతులు చెప్పాలి: పలక మందం, లోపలి కొలతలు మార్చవద్దని, గాలి రంధ్రపు గొట్టాన్ని పొట్టి చేయడం గానీ మూయడం గానీ వద్దని, సందులను లప్పంతో పైపైన నింపకుండా అతుకునే మూయమని. స్పీకర్లను, సర్క్యూటును మీరే ముందుగా విప్పి ఇంట్లో ఉంచుకుని ఖాళీ పెట్టెను మాత్రమే ఇవ్వండి.

తిరిగి బిగించేటప్పుడు జాగ్రత్తలేమిటి?

స్పీకరు చట్రం కింద పాత పట్టీ నలిగిపోయి ఉంటే తలుపు సందులకు వేసే పలుచని ఫోమ్ టేపు కొత్తది వేయండి. అతుకులన్నీ మూసి ఇక్కడ గాలి వదిలితే పడిన శ్రమ వృథా. స్క్రూలను ఒకదాని తరువాత పక్కదాన్ని కాకుండా, ఎదురెదురుగా ఉన్నవాటిని కొద్దికొద్దిగా బిగించాలి. ఎం.డి.ఎఫ్.లో స్క్రూ రంధ్రం అరిగిపోతే బంకలో ముంచిన అగ్గిపుల్లలు కొట్టి, ఎండిన తరువాత మళ్లీ బిగించండి.

తీగల ప్లస్ మైనస్ సందేహంగా ఉంటే పెన్ను బ్యాటరీ ఒకటి తీసుకుని, పెద్ద స్పీకరు ప్లస్‌కు బ్యాటరీ ప్లస్‌ను, మైనస్‌కు మైనస్‌ను క్షణకాలం తగిలించండి. కోన్ బయటికి కదిలితే గుర్తులు సరైనవే. సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకరు, అంటే ట్వీటరు మీద ఈ పరీక్ష చేయవద్దు. రెండు పెట్టెలలో ఒకదానికి తీగలు తారుమారైతే, అతుకు ఎంత బాగా కుదిరినా రెండింటి కింది స్వరాలు ఒకదానినొకటి కొట్టివేసుకుని, బాగుచేసిన తరువాత శబ్దం ఇంకా పలచబడిందనిపిస్తుంది.

అంతా అయ్యాక మొదట వాడిన 50 హెర్ట్జ్ టోన్‌నే మళ్లీ తక్కువ వాల్యూములో పలికించి, ఫ్యాను ఆపి, ఊదుబత్తిని అతుకుల వెంట మరొకసారి నడపండి. ఈసారి స్పీకరు చట్రం చుట్టూ, వెనుక తీగలు కలిపే ప్లాస్టిక్ పలక చుట్టూ కూడా నడపాలి. పాత పెట్టెలలో ఆ వెనుక పలక దగ్గర పొగ చెదరడం నేను చాలాసార్లు చూశాను. దానిని విప్పి, కింద అదే ఫోమ్ టేపు వేసి బిగిస్తే సరిపోతుంది.